ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో: దూరమొకటి, కాలమొకటి

ఢిల్లీ విమానాశ్రయమునకును, అమెరికా పశ్చిమ తీరమందలి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయమునకును నడుమ దూరమెంతయని యడిగినచో సమాధానము సులభము. భూగోళము మీద ఆ రెండు స్థలములను కలుపు మిక్కిలి పొట్టిదారి సుమారు 12,400 కిలోమీటరులు. గంటకు 900 కిలోమీటరుల వేగమున పోవు విమానమునకు ఇది పదునాలుగు గంటలకు లోబడిన పని. కాని ఆ ప్రయాణమునకు పట్టు కాలమెంతయని యడిగినచో సమాధానమంత సులభము కాదు. పదునాలుగున్నర గంటలలో చేరినవారు గలరు. పదునారు గంటలు దాటినవారును గలరు. 2023వ సంవత్సరమున ఒకమారు ఢిల్లీలో విమానమెక్కిన రెండువందల మందికి పైబడిన ప్రయాణికులు రెండు దినములు దాటిన పిమ్మటగాని శాన్‌ఫ్రాన్సిస్కో నేలపై కాలు మోపలేదు. ఈ నడుమ భూమి పెరుగలేదు, తరుగలేదు. ఆ రెండు ఊళ్లును చోటు మారలేదు. ఇట్టి భేదమునకు కారణమేమి?

ఈ ప్రశ్న విమాన చోదకులకును, కంపెనీల గుమాస్తాలకును మాత్రమే సంబంధించినదని పాఠకులు తలపరాదు. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసర ప్రాంతమున ఉద్యోగములు చేసికొనుచున్న తెలుగు బిడ్డలు వేలకొలది గలరు. కోడలి పురిటికని పోవు తల్లులును, మనుమలను చూడబోవు తాతలును, ఇచట తండ్రి కన్నుమూసెనని వర్తమానమంది పరుగెత్తి వచ్చు కుమారులును ఈ దారినే నడువవలసియున్నారు. కర్మ చేయవలసిన కొడుకు దహనమునకు ముందు చేరునా, పిమ్మట చేరునా యనునది కొన్ని గంటలలో తేలిపోవు విషయము. అట్టి గంటలను నిర్ణయించువారెవరో తెలిసికొనుట మనకు అవసరము.

భూమి చెప్పు దూరము

గోడకు వ్రేలాడు దేశపటమును చూచినవారికి ఢిల్లీ నుండి తూర్పుగా చైనా, జపాను, పసిఫిక్ మహాసముద్రము దాటినచో కాలిఫోర్నియా వచ్చునని తోచును. గుండ్రని భూమిని బల్లపరుపుగా చాపుటచే కలిగిన భ్రమ యిది. బడిలోని గోళమునొకదానిని తెచ్చి, ఢిల్లీ మీద ఒక కొసను, శాన్‌ఫ్రాన్సిస్కో మీద రెండవ కొసను ఉంచి, ఒక నూలుపోగును బిగియలాగి చూడుడు. ఆ పోగు తూర్పునకు పోదు; దాదాపు సూటిగా ఉత్తరమునకు పోవును. హిమాలయములు దాటి, పశ్చిమ టిబెట్టును, సింకియాంగు ఎడారిని, ఆల్టాయి పర్వతములను, సైబీరియా అడవులను గడచి, ఉత్తర ధ్రువమునకు సుమారు 1,600 కిలోమీటరుల చేరువలో ఆర్కిటిక్ సముద్రమును దాటును. ఆపై అలాస్కా ఉత్తర తీరమును తాకి, కెనడా పడమటి యంచు వెంబడి దిగి కాలిఫోర్నియా చేరును. గణితశాస్త్రము మనకిచ్చు రాజమార్గమిది.

కాలమును లెక్కించునపుడు మరియొక చిక్కు గలదు. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారము మన గడియారమునకు వేసవిలో పండ్రెండున్నర గంటలు, శీతకాలమున పదుమూడున్నర గంటలు వెనుకబడియుండును. కావున శీతకాలమున ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, పదునైదున్నర గంటలు ఎగిరినవాడు అదే తేదీన ఉదయము 6 గంటలకు దిగును. టిక్కెట్టు మీది అంకెలను చూచినచో రెండు గంటల ప్రయాణమని తోచును. ప్రయాణికుని నడుమునడిగినచో నిజము తెలియును. తిరుగు ప్రయాణమున ఈ యప్పు తీరిపోవును. ఒక తేదీ యంతయు క్యాలెండరు నుండి జారిపోయినట్లుండును. గడియారము చేయు ఈ గారడీని ప్రక్కకు నెట్టి, విమానము నేల విడిచినది మొదలు నేల తాకువరకు గడచిన గంటలనే మనము లెక్కింపవలెను.

మంచుకొండలును, మంచుకడలియు

పొట్టిదారి యుండగా విమానము దానిని వదలి చుట్టు తిరుగుటేల? మొదటి కారణము ప్రకృతి. ప్రయాణికుల విమానము పది పండ్రెండు కిలోమీటరుల యెత్తున ఎగురును. ఆ యెత్తున మనుష్యునకు ఊపిరి చాలదు గనుక లోపలి గాలిని అదిమి ఉంచెదరు. ఏ కారణముననైన ఆ గాలి బయటికి పోయినచో విమానము వెంటనే మూడు కిలోమీటరుల యెత్తునకు దిగవలెను. అంతవరకు ప్రయాణికులకు ముఖముసుగుల ద్వారా అందు ప్రాణవాయువు సామాన్యముగా పదునైదు ఇరువది నిమిషములకు మాత్రమే సరిపోవును. టిబెట్టు పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటరులు. దిగవలసిన చోట కొండలున్నపుడు విమానము ఎచ్చటికి దిగును? అందుచే దూరప్రయాణపు విమానములు టిబెట్టు నడుమ నుండి పోవుట అరుదు.

ఉత్తరపు మంచుకడలి చిక్కు వేరు. నేడు ఈ మార్గముల తిరుగు పెద్ద విమానములలో హెచ్చుభాగము రెండు ఇంజనులవి. ఒక ఇంజను చెడినపుడు రెండవదానితో నిర్ణీతమైన కాలములో చేరదగిన విమానాశ్రయము దారి పొడవునను ఉండి తీరవలెనని శాసనము. ఆర్కిటిక్ ప్రాంతమున అట్టివి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. ఇంతియగాక, విమానములలో వాడు సామాన్య ఇంధనము సున్నకు 47 డిగ్రీల దిగువన గడ్డకట్టనారంభించును. ధ్రువ ప్రాంతపు ఉన్నతాకాశమున చలి దానిని మించు దినములు గలవు. చోదకుడు ఇంధనపు వేడిమిని కనిపెట్టుచు, అవసరమైనచో దిగువకో, ప్రక్కకో తొలగవలసియుండును. ఈ యాటంకములన్నియు నిజమైనవి. కాని మనుష్యుని బుద్ధిబలమునకు లొంగినవి.

గాలి చేయు ఉపకారము

రెండవ కారణము గాలి. భూమికి తొమ్మిది మొదలు పండ్రెండు కిలోమీటరుల యెత్తున, ఉష్ణమండలమునకు ఆవల, పడమటి నుండి తూర్పునకు ఒక గాలియేరు ఎడతెగక ప్రవహించుచుండును. శీతకాలమున దాని వేగము ఒక్కొక్కచో గంటకు 300 కిలోమీటరులను మించును. నదిలో పడవ నడుపువానికి వాలును, ఎదురును ఎట్లో విమానమునకు ఈ గాలియు అట్లే. అలను అనుసరించిన పడవ దూరము పోయినను త్వరగా చేరును. ఎదురీదిన పడవ దగ్గరిదారినైనను ఆలసించును.

మన దేశమునకు సంబంధించిన చక్కని దృష్టాంతము ఈ మార్గముననే కలదు. ఎయిర్ ఇండియావారు 2015 డిసెంబరు 2వ తేదీన ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు నడుమ ఎచ్చటను దిగని సర్వీసును ప్రారంభించిరి. అది మొదట పడమటి దిక్కున ఐరోపా మీదుగా, అట్లాంటిక్ సముద్రము దాటి పోవుచుండెను. ఆ దారి సుమారు 13,900 కిలోమీటరులు. పట్టు కాలము పదునారు గంటలకు పైమాట. 2016 అక్టోబరులో వారు దిక్కు మార్చి, తూర్పుగా పసిఫిక్ మహాసముద్రము మీదుగా విమానమును నడిపిరి. ఆ దారి సుమారు 15,300 కిలోమీటరులు. మొదటిదానికంటె 1,400 కిలోమీటరులు హెచ్చు. అయినను విమానము పదునాలుగున్నర గంటలలో చేరెను. పాఠకులు భాగించి చూచినచో పడమటి దారిని వేగము గంటకు 870 కిలోమీటరులకు లోపును, తూర్పు దారిని 1,055 కిలోమీటరులును తేలును. యంత్రమదియే, చోదకులును వారే. ఆ మిగులు వేగము గాలి యిచ్చిన దానము. దూరమును, కాలమును ఒకటి కావనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

బరువును మోయుటకు బరువును కాల్చుట

మూడవ కారణము ఇంధనము. ఆ సర్వీసున వాడిన బోయింగు 777-200 ఎల్.ఆర్. అను విమానము ఖాళీగా ఉన్నపుడు దాదాపు 145 టన్నులు తూగును. దాని తొట్లు నిండ పోసిన ఇంధనము సైతము దాదాపు 145 టన్నులే. అనగా ఆ పక్షి తనంత బరువైన మేతను కడుపున పెట్టుకొని ఎగురవలెను. ప్రయాణికులు, వారి పెట్టెలు, సరకులు అన్నియు చేరి మొత్తము 347 టన్నులను మించరాదు. దారి యొక గంట పెరిగినచో ఆ గంటకు కావలసిన ఇంధనము మాత్రమేగాక, ఆ యదనపు ఇంధనమును మోయుటకు మరికొంత ఇంధనము అక్కరపడును. అపుడు సరకులనో, ప్రయాణికులనో తగ్గింపవలెను. లేదా నడుమ ఎచ్చటనో దిగి మరల నింపుకొనవలెను. రెండు విధముల ఖర్చు పెరుగును. ఆ ఖర్చు తుదకు టిక్కెట్టు కొనువాని జేబు మీదనే పడును.

యంత్రమునకు శక్తి చాలదని మాత్రము ఎవ్వరును అనజాలరు. 2005 నవంబరులో ఇదే జాతి విమానము హాంకాంగునుండి తూర్పు ముఖముగా బయలుదేరి, రెండు మహాసముద్రములు దాటి, 21,602 కిలోమీటరులు నడుమ దిగక ఎగిరి, 22 గంటల 42 నిమిషములలో లండను చేరెను. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటరులు మాత్రమే గనుక, ఇక భూమి మీద ఏ రెండు ఊళ్లకైనను నడుమ గల దూరము యంత్రమునకు అందనిది కాదని ఆనాడే రుజువయ్యెను.

ఆకాశపు ఎల్లలు

కొండలకు ఉపాయము దొరకెను, చలికి ఉపాయము దొరకెను, గాలి మిత్రమయ్యెను, యంత్రము లొంగెను. ఇక మిగిలిన కారణమొక్కటే. అది మనుష్యుడు గీసిన గీత. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇచట సార్థకమగుచున్నది.

1944 డిసెంబరు 7వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ఒడంబడికలో మొదటి నియమమే, ప్రతి రాజ్యమునకును తన నేలమీది ఆకాశముపై సంపూర్ణమును, అనన్యమును అగు అధికారము కలదనుట. పరరాజ్యపు విమానములు దిగకుండ మీదుగా పోవు హక్కును పరస్పరము ఇచ్చిపుచ్చుకొనుటకు అదే సమయమున వేరొక ఒప్పందము చేయబడెను. దానిలో భారతదేశము చేరెను. రష్యా, చైనాలు చేరలేదు. పైన చెప్పిన నూలుపోగును మరల చూడుడు. ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవు పొట్టిదారిలో సగమునకు మించిన నేల ఆ రెండు దేశములదే. వారు విడిగా అనుమతించిన దారియే దారి.

సోవియట్టు కాలమున ఆ తలుపు చాలమట్టుకు మూయబడియుండెను. ఐరోపా నుండి జపానుకు పోవు విమానములు సైబీరియా మీదుగా సూటిగా పోజాలక అలాస్కాలోని ఆంకరేజి నగరమున దిగి ఇంధనము నింపుకొనుచుండెను. 1983 సెప్టెంబరు 1వ తేదీన ఆంకరేజి నుండి సియోలునకు పోవుచు దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానమును సోవియట్టు యుద్ధవిమానము కూల్చివేసెను. దానిలోని 269 మందియు మరణించిరి. గీత దాటినందుకు పసిబిడ్డలు సైతము ప్రాణములొసగవలసి వచ్చెను. ఆ ఘోరమునకు ఫలితముగా 1984 మే నెలలో చికాగో ఒడంబడికకు మరియొక నియమము చేర్చబడెను: ఎగురుచున్న పౌర విమానముపై ఆయుధము ప్రయోగింపరాదు.

1991లో సోవియట్టు రాజ్యము అంతరించిన తరువాత తలుపులు తెరువబడెను. 2001లో ధ్రువ ప్రాంతపు దారులు నిత్య ప్రయాణములకు లభించెను. 2019 ఆగస్టు 15వ తేదీన ఎయిర్ ఇండియా విమానము ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ధ్రువ ప్రాంతము మీదుగా పోయెను. స్వాతంత్ర్యదినమున మన విమానము గణితశాస్త్రపు రాజమార్గమునకు మిక్కిలి చేరువగా నడచుట సంతోషింపదగిన విషయమే. కాని ఆ సౌకర్యము అందరికిని నిలువలేదు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిను యుద్ధము ప్రారంభము కాగా, అమెరికా, కెనడా, ఐరోపా రాజ్యములు రష్యా విమానములకు తమ ఆకాశమును మూసివేసెను. రష్యాయు వారి విమానములకు తన ఆకాశమును మూసివేసెను. అమెరికా కంపెనీయగు యునైటెడువారు 2022 మార్చిలో తమ శాన్‌ఫ్రాన్సిస్కో - ఢిల్లీ సర్వీసును నిలుపవలసి వచ్చెను. ఆ యుద్ధమున ఏ పక్షమునను చేరని మన దేశపు విమానములకు రష్యా దారి మూయబడలేదు. ఒకే దారిలో ఒకని విమానము పోవచ్చును, వేరొకని విమానము పోరాదు! దారి భూమిది కాదు, రాజ్యముదియే యని చెప్పుటకు ఇంకేమి కావలెను?

అట్లని తెరచిన తలుపు సర్వసుఖముల నిచ్చెనని చెప్పజాలము. 2023 జూను 6వ తేదీన 216 మంది ప్రయాణికులతోను, 16 మంది సిబ్బందితోను ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచున్న ఎయిర్ ఇండియా విమానము ఒక ఇంజనున లోపము తోచుటచే రష్యా తూర్పు కొసనున్న మగదాను నగరమున దిగెను. ప్రాణాపాయము కలుగలేదు. చోదకులు శాసనమును అనుసరించి చేయవలసినదే చేసిరి. కాని ఆ మారుమూల పట్టణమున అంతమందికి సరిపడు వసతులు లేవు. కొందరు బడిలో నేలపై పరుపులు పరచుకొని శయనించిరి. స్వదేశము నుండి వేరొక విమానము వచ్చి, వారినెక్కించుకొని శాన్‌ఫ్రాన్సిస్కోలో దించునప్పటికి అచ్చటి తేదీ జూను 8 అయ్యెను. ఈ వ్యాసము మొదట చెప్పిన రెండు దినముల ప్రయాణమిదియే.

ఇరుగుపొరుగుల తలుపులు

పరుల సంగతి యట్లుండ, మన యింటి వాకిలి సంగతి చూతము. 1971 జనవరి 30వ తేదీన శ్రీనగరము నుండి బయలుదేరిన "గంగ" యను మన విమానమును దుండగులు బలవంతముగా లాహోరునకు మరల్చి, పిమ్మట తగులబెట్టిరి. భారత ప్రభుత్వము ఫిబ్రవరి మొదటి వారమున పాకిస్తాను విమానములకు మన ఆకాశమును మూసివేసెను. నాటికి పాకిస్తాను రెండు ఖండములుగా ఉండెను. కరాచీ నుండి ఢాకాకు సూటి దారి సుమారు 2,400 కిలోమీటరులు. మన ఆకాశము మూతపడగా వారు సింహళద్వీపము చుట్టి, దాదాపు రెట్టింపు దూరము పోవలసి వచ్చెను. ఆ వివాదము హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము వరకు పోయెను. విచారించు అధికారము పౌర విమానయాన మండలికి కలదని 1972లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను.

2019 ఫిబ్రవరి నెలాఖరున, బాలాకోటు దాడి పిమ్మట, పాకిస్తాను తన ఆకాశమును మూసి, జూలై మధ్యవరకు తెరువలేదు. పహల్గాములో నిరపరాధులగు యాత్రికులను ముష్కరులు చంపిన దరిమిలా, 2025 ఏప్రిల్ 24వ తేదీన పాకిస్తాను మన విమానములకు మరల ఆకాశమును మూసివేసెను. ఏప్రిల్ 30వ తేదీన మనవారును వారి విమానములకు మూసివేసిరి. పిమ్మట ఆ మూతను ఉభయులును నెలనెలకును పొడిగించుచు వచ్చిరి. పడమటి దారిని అమెరికాకు పోవు ఢిల్లీ విమానములు దక్షిణముగా అరేబియా సముద్రము మీదికి దిగి, చుట్టు తిరిగి, కొన్ని వియన్నా వంటి నగరములలో ఆగి ఇంధనము నింపుకొని పోయెను. ఈ మూత ఏడాది నిలిచినచో దాదాపు 60 కోట్ల డాలరుల నష్టము వాటిల్లునని ఎయిర్ ఇండియావారు ప్రభుత్వమునకు తెలిపినట్లు పత్రికలలో వచ్చెను. 2025 సెప్టెంబరు 1వ తేదీ నుండి ఢిల్లీ - వాషింగ్టను సర్వీసునే వారు నిలిపివేసిరి. విమానముల కొరతయు, ఆకాశపు మూతయు అందులకు కారణములని వారు చెప్పిరి.

తెలుగువారి పాలు

శాన్‌ఫ్రాన్సిస్కోతో మన సంబంధము నేటిది కాదు. 1913లో ఆ నగరము కేంద్రముగా గదరు పార్టీ వెలసి, పరదేశమునుండి స్వరాజ్య శంఖమును పూరించెను. కనిగిరి ప్రాంతమున జన్మించిన దరిశి చెంచయ్యగారు 1912లో చదువుకొరకై అమెరికాకు పోయి, ఆ పార్టీలో చేరి, చెరసాలల ననుభవించిరి. ఆ దినములలో అచ్చటికి పోవుటన్న వారములకొలది ఓడ ప్రయాణము. నేడు ఆ వారములు గంటలయ్యెను. ఆ గంటలపై మనకెంత అధికారమున్నదియని తెలుగువారు ఆలోచింపవలదా?

2021 జనవరి 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానమును కెప్టెన్ జోయా అగర్వాల్ ఆధ్వర్యమున స్త్రీలే నడిపి, ఉత్తర ధ్రువము మీదుగా 11వ తేదీన బెంగుళూరు చేర్చిరి. ఆ రెండు నగరముల నడుమ పొట్టిదారి 13,993 కిలోమీటరులు. మన స్త్రీల ధైర్యసామర్థ్యములకు అది గర్వకారణము. ఆ వారమే హైదరాబాదు నుండి చికాగోకు సూటి సర్వీసు ప్రారంభమయ్యెను. ఆ రెండు ఊళ్ల నడుమ దూరము సుమారు 13,300 కిలోమీటరులు. అది చిరకాలము నిలువలేదు. హైదరాబాదు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు గోళముపై పొట్టిదారి సుమారు 13,500 కిలోమీటరులు. దుబాయి మీదుగా పోయినవానికి 15,500 కిలోమీటరులు దాటును. దూరము కంటె కష్టమైనది నడుమ విమానము మారుట. అర్ధరాత్రమున అపరిచితమైన విమానాశ్రయమున, భాష తెలియక, ద్వారపు సంఖ్య వెదకికొనుచు తిరుగు పల్లెటూరి తల్లుల అవస్థ పాఠకులలో అనేకులెరిగినదే.

కావలసినదేమి?

తన ఆకాశమును కాపాడుకొను హక్కు ఏ రాజ్యమునకైనను ఉండవలసినదే. స్వతంత్ర దేశపు లక్షణములలో అదియొకటి. పరాయి యేలుబడిని అనుభవించిన మనకు దాని విలువ ఎరుకపరుప నక్కరలేదు. మూయవలసినపుడు మూయకపోవుటయు నేరమే. 2014 జూలై 17వ తేదీన యుక్రెయిను యుద్ధభూమి మీదుగా పోవుచున్న మలేషియా విమానము కూల్చబడి 298 మంది మరణించిరి. ఆనాడు ఆ ఆకాశము పూర్తిగా మూయబడియున్నచో వారు బ్రతికియుండెడివారు. కావున మూత రెండు విధములని గ్రహింపవలెను. ప్రాణరక్షణకొరకు మూయుట యొకటి. పగ తీర్చుకొనుటకు మూయుట వేరొకటి. మొదటిది అందరికిని సమానముగా మూయబడును; రెండవది ఒక జెండా గల విమానమునకు మూయబడి, వేరొక జెండా గలదానికి తెరువబడును. యుద్ధావసరమునకో, ప్రజారక్షణకో మూయు నిషేధములు జాతి భేదము లేక వర్తింపవలెనని చికాగో ఒడంబడిక తొమ్మిదవ నియమము చెప్పుచున్నది. యుద్ధమునందును, అత్యయికస్థితియందును రాజ్యములకు స్వేచ్ఛనిచ్చు వేరొక నియమముచే అది బలహీనమగుచున్నది. ఈ సందును ఇరుకుచేయుటకు పౌర విమానయాన మండలిలో భారతదేశము పూనుకొనవలెను. 1971లో మనమును ఆ యాయుధమును పట్టితిమి గనుక, ఆ మాట చెప్పుటకు మనకు అర్హత లేదనుట సరికాదు. రెండు వైపుల నష్టమును చూచినవాని మాటకే బరువు హెచ్చు.

రెండవది, మన దేశపు కంపెనీలు ప్రయాణికునకు నిజము చెప్పవలెను. దారి మారినచో ఎన్ని గంటలు పెరుగును, నడుమ ఎచ్చట దిగవలసి వచ్చును, ఆలసించినచో భోజన వసతులకును, తప్పిపోయిన తరువాతి విమానమునకును బాధ్యులెవరు అను సంగతులు టిక్కెట్టు కొనుటకు ముందే తెలుగువానికి తెలుగున తెలియవలెను. మగదాను వంటి మారుమూల చోటుల మీదుగా పోవునపుడు అచ్చట ఇన్నూరు మందికి పరుపులు, అన్నము, మందులు దొరకునట్లు ముందుగానే ఏర్పాటు చేసికొనుట కంపెనీల ధర్మము.

మూడవది, దక్షిణాది నగరముల నుండి అమెరికాకు సూటి సర్వీసులు నిలుచునట్లు ప్రయత్నింపవలెను. యంత్రములు కలవు, చోదకులు కలరు, ప్రయాణికులు కలరు. లాభము సన్నగిలినంతనే సర్వీసు మూసివేయుటయు, పొరుగు దేశముల కంపెనీలు ఆ ప్రయాణికులను తీసికొనిపోవుటయు మనము ఊరక చూచుచుండదగిన సంగతులు కావు. విమానాశ్రయ రుసుములలోను, ఇంధనపు పన్నులలోను రాష్ట్ర ప్రభుత్వములు చేయదగిన సాయము కొంత కలదు.

ఢిల్లీకిని, శాన్‌ఫ్రాన్సిస్కోకును నడుమ 12,400 కిలోమీటరులు రేపును ఉండును, ఎల్లుండియు ఉండును. ఆ దూరమును తగ్గించుట ఎవ్వరి తరమును కాదు. కాని దాని నడుమ గడచు కాలములో కొన్ని గంటలు ప్రకృతివి, కొన్ని యంత్రమువి, కొన్ని రాజ్యములవి. మొదటి రెంటిని శాస్త్రజ్ఞులు నూరేండ్లుగా తగ్గించుచు వచ్చిరి. మూడవదానిని తగ్గించుట ప్రజాభిప్రాయముచేతనే సాధ్యమగును. తండ్రి చితి యొద్దకు పరుగెత్తు కుమారుని దారికి అడ్డు నిలువరాదని ప్రతి దేశపు ప్రజయు తన ప్రభుత్వమునకు గట్టిగా చెప్పు దినము వచ్చువరకు ఈ గంటలు తరుగవు.